పేరు తెలియని అభిమాన రచయిత

‘తోకచుక్క చదివావా?’, ‘రాకాసిలోయ చదివావా?’... తెలుగు పిల్లలు తరాల తరబడి ఒకరినొకరు అడిగిన ప్రశ్నలివి. ‘మరి అవి ఎవరు రాశారు?’ అంటే మాత్రం చాలాకాలం జవాబు లేదు. జవాబు తెలిసేసరికి ఆ పిల్లలకు తలలు నెరిశాయి!

మంచి సినిమా చూస్తే నలుగురికీ చెబుతాం. ఏ ఊళ్లోనో పెసరట్టు బాగుంటే అటు వెళ్లేవాళ్లకు చెబుతాం. వాళ్లు వెళ్లినా వెళ్లకపోయినా మనకు పోయేదేం లేదు. కానీ మాయలూ మాంత్రికులూ ఉన్న పుస్తకం చదివినవాళ్ల సంగతి వేరు. వాళ్లు చెప్పి ఊరుకోరు. వెంటపడతారు. పుస్తకం తెచ్చి చేతిలో పెడతారు. ‘ఎంతవరకు అయింది?’ అని రోజూ ఆరా తీస్తారు. ‘ఆ గుహలోకి వెళ్లాడా ఇంకా లేదా?’ అని ఊరిస్తారు. పూర్తయ్యేదాకా వదలరు.

ఎందుకలా? కారణం చిన్నదే. పల్లెటూరి కథ చదివితే పల్లె బయట కూడా ఉంటుంది. ప్రేమకథ చదివితే ప్రేమ ఎక్కడైనా కనిపిస్తుంది. కానీ రాకాసిలోయ ఎక్కడుంది? పాతాళదుర్గం ఏ జిల్లాలో ఉంది? అవి ఉన్నది ఆ పేజీల్లోనే. ఆ పేజీలు తిప్పినవాడికే ఆ దారులు తెలుసు. పక్కవాడు చదవకపోతే ఇక మాట్లాడుకోవడానికి ఎవరున్నారు? అందుకే ఇలాంటి కథల పాఠకుడు ముందు తను చదువుతాడు, వెంటనే తోడు వెతుక్కుంటాడు. ఒక సీరియల్‌ను ఇంకొకరికి చెప్పడమంటే ఆ ఊరికి తోడు రమ్మని పిలవడమే!

తెలుగులో ఈ పిలుపులు ఎక్కువగా వినిపించింది ‘చందమామ’ సీరియళ్ల గురించే. విచిత్రం ఏమిటంటే... ఆ పిలుపుల్లో కథ పేరు ఉండేది, వీరుల పేర్లు ఉండేవి, మాంత్రికుల పేర్లూ ఉండేవి. రచయిత పేరు ఒక్కటే ఉండేది కాదు.

తెనాలి టు మద్రాసు

చందమామ పుట్టింది మద్రాసులో, 1947 జులైలో. అచ్చయిందీ అక్కడే. కానీ దాని వేళ్లు వెతుక్కుంటూ వెళితే తేలేది తెనాలిలో. నాగిరెడ్డితో కలిసి ఆ పత్రికను మొదలుపెట్టిన చక్రపాణి (అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు) తెనాలి ఐతానగర్‌లో పుట్టినవాడు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఇక మూడోవ్యక్తి... దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో పుట్టిన ఆయనది కూడా తెనాలి తాలూకాయే. 1952లో చందమామలో చేరి, అర్ధశతాబ్దానికి పైగా ఆ పత్రికతోనే ఉండిపోయారు.

మొదటి ఇద్దరి పేర్లూ తెలియని తెలుగు పాఠకుడు అరుదు. చక్రపాణి అంటే విజయావారి సినిమాలు గుర్తొస్తాయి. కొ.కు. అంటే ‘చదువు’ నవల గుర్తొస్తుంది. మరి మూడో ఆయన?

1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, 1970ల చివర్లో వచ్చిన ‘భల్లూక మాంత్రికుడు’ దాకా... మొత్తం 12 సీరియళ్లు. పాతికేళ్లపాటు నెలనెలా తెలుగు పిల్లలకు నిద్ర లేకుండా చేసింది ఆయనే!

తెలుగు పిల్లలకేనా? చందమామ పదికి పైగా భాషల్లో వెలువడింది. తెలుగులో రాసిన సీరియల్ తమిళ ‘అంబులిమామ’లోకి, హిందీ ‘చందామామా’లోకి, ఇంకా ఇతర భాషల్లోకి వెళ్లేది. అంటే తెనాలి తాలూకా మనిషి ఊహించిన మాంత్రికుణ్ని తలుచుకుని ఎక్కడో ఉత్తరాదిన ఓ కుర్రాడు దుప్పటి ముసుగు పెట్టుకున్నాడన్నమాట.

బొమ్మ మీద ఉంది... కథ మీద లేదు

ఆ సీరియళ్లలో చాలా బొమ్మల కింద ఓ మూల చిన్న సంతకం ఉండేది. ‘చిత్రా’ అని. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. మొసలి తలలు, శిథిలమైన గోపురాలు, కోరల రాక్షసులు, తలపాగాల సైనికులు... అన్నీ ఆయన కుంచె నుంచి వచ్చినవే. పిల్లలు ఆ సంతకాన్ని కూడబలుక్కుని చదువుకునేవారు. కథ మీద మాత్రం ఎవరి పేరూ ఉండేది కాదు.

ఇది ఒక్క దాసరికి జరిగింది కాదు. బయటినుంచి కథలు పంపినవాళ్ల పేర్లు చందమామ వేసేది. ఆఫీసులో ఉద్యోగం చేస్తూ రాసినవాళ్ల పేర్లు వేసేది కాదు. సంపాదకుడు కుటుంబరావు కూడా పేరు లేకుండా పుంఖానుపుంఖాలుగా రాశారు. అది పత్రిక పద్ధతి. చందమామ రాస్తోంది, చందమామ చెబుతోంది... అంతే! ఇంట్లో అమ్మమ్మ కథ చెబితే ‘ఇది ఎవరు రాశారు?’ అని అడుగుతామా? పిల్లలు కూడా అడగలేదు.

ఆ పద్ధతి వల్ల చందమామకు ఒకే గొంతు వచ్చింది. అందులో సందేహం లేదు. పురాణమైనా, బేతాళ కథైనా, సీరియలైనా ఒకే సులువైన తెలుగు. పదేళ్ల పిల్లాడు ఎక్కడా తట్టుకోకుండా చదువుకుపోయే చిన్నచిన్న వాక్యాలు. కానీ దానికి ఒకరు మూల్యం చెల్లించారు. పెద్దయ్యాక సీరియళ్లను తలచుకున్న పాఠకుల్లో చాలామంది అవి కుటుంబరావు రాసినవే అనుకున్నారు. మార్క్సిస్టు భావాలున్న రచయిత ఇన్ని మాయలూ మంత్రాలూ ఎలా రాశాడబ్బా అని ఆశ్చర్యపోయినవాళ్లూ ఉన్నారు!

పేరు లేకపోతే ఏం పోయింది, కథ ఉంది కదా అనిపించవచ్చు. పాఠకుడి వైపు నుంచి చూస్తే పోయింది చిన్నదేం కాదు. ఒక సీరియల్ నచ్చినప్పుడు తర్వాత ఏం వెతుక్కోవాలో చెప్పేది రచయిత పేరే. ‘ఇది నచ్చిందా? అయితే ఆయనదే ఇంకోటుంది, అది చదువు’ అన్న మాటతోనే అభిమానం ముందుకు సాగుతుంది. పేరు లేనప్పుడు తెలుగు పిల్లలు వేరే గుర్తులు పెట్టుకున్నారు. ‘చిత్రా బొమ్మలుంటాయి చూడు, అది’, ‘ఇద్దరు వీరులు ఉంటారు చూడు, అది’... ఇలా. పుస్తకం పోలికతో పుస్తకాన్ని పట్టుకున్నారు.

ఆ చేతి నుంచి ఈ చేతికి

అసలు ఇలాంటి కథలు చేతులు మారడం మనకు చందమామతోనే మొదలు కాలేదు. అంతకు ముందు ‘కాశీమజిలీ కథలు’ ఉన్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 12 భాగాల కథాసముద్రం. కాశీకి కాలినడకన వెళ్లే ఓ యతి, వెంట ఓ గొల్లపిల్లవాడు. మజిలీ మజిలీకీ ఒక వింత, దాని వెనక ఒక కథ. ఒక భాగం పూర్తయితే రెండోది ఎవరింట్లో ఉందో వెతుక్కుంటూ వెళ్లేవారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అదీ ఒక సిరీసే!

వెతుక్కునేవాళ్లకు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతం బాగా అచ్చొచ్చిన చోటు. గ్రంథాలయోద్యమం ఊరూరికీ పాకిన నేల ఇది. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ గట్టున ఉన్న ఊళ్లకు పుస్తకాలు నీళ్ల మీద వచ్చేవి. రేవులో పడవ ఆగితే చదివినవి ఇచ్చి, చదవనివి తీసుకునేవారు. ‘ఇది బాగుంది, నువ్వు తీసుకో’ అనే మాటకు రేవుకన్నా మంచి చోటు ఏముంటుంది?

ఇటు తీరం వైపు వస్తే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైంది. పాత పత్రికలను ప్రాణంలా దాచిన గ్రంథాలయంగా దానికి దేశమంతటా పేరు. ఆ మండలంలోదే రామాపురం. ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే చాలామందికి బీచ్, రిసార్టులు గుర్తుకొస్తాయి. కానీ ఒకవైపు సముద్రం, రెండోవైపు నూరేళ్లు దాటిన పుస్తకాల ఇల్లు... ఇలాంటి చోట ‘ముగ్గురు మాంత్రికులు’ చదవడంలో ఓ మజా ఉంది. ఆ కథలో పింగళుడు రాజకుమారుడు కాదు. వల వేసి చేపలు పట్టి పొట్టపోసుకునే కుర్రాడు. అతని వలలో పడిన దాంతోనే కథ మలుపు తిరుగుతుంది. వలలు ఆరబోసిన ఇసుక మీద ఆడుకునే పిల్లవాడికి పింగళుడు పరాయివాడెలా అవుతాడు?

గ్రంథాలయం లేని ఊళ్లో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అదీ లేకపోతే... చందమామ తెప్పించే ఇల్లు ఒక్కటైనా ఉండేది. ఆ ఇంటి పిల్లవాడికి నెల మొదట్లో వీధిలో ఉండే గౌరవమే వేరు!

‘ఒరేయ్, చందమామ వచ్చిందా?’

‘వచ్చింది. నాన్న చదువుతున్నాడు.’

‘నాన్న తర్వాత?’

‘అక్క.’

‘అక్క తర్వాత నాకివ్వరా. సీరియల్ ఒక్కటి చదివి ఇచ్చేస్తా.’

ఇలాంటి బేరాలు జరగని వీధి లేదు. పుస్తకం ఇవ్వనంటే కనీసం కథైనా చెప్పమని బతిమాలేవారు. అలా చెప్పడంలో కొంత కోత, కొంత కలుపు! విన్నవాడు పక్కవీధిలో మళ్లీ చెప్పేటప్పటికి మాంత్రికుడికి ఇంకో రెండు చేతులు మొలిచేవి.

‘ఇంకా ఉంది’ మహిమ

సీరియల్ అంటే నెలకు కొన్ని పేజీలే. ఆఖరి పేరాలో వీరుడు ఏదో ఓ ప్రమాదం అంచున నిలబడతాడు. కింద బ్రాకెట్లో ‘ఇంకా ఉంది’ అని. అంతే! ఇక నెల రోజులు ఆగాలి. ఆ నెల రోజుల్లోనే అసలు మజా ఉంది. తర్వాత ఏం జరుగుతుందన్నది బడి గంట కొట్టేదాకా చర్చ. ఒకడు వీరుడు తప్పించుకుంటాడంటాడు. ఇంకొకడు మాంత్రికుడు మనసు మార్చుకుంటాడంటాడు. పందేలు కాసేవాళ్లు. రచయిత ఎవరో తెలియకపోయినా రచయిత బుర్రలో ఏముందో ఊహించేవాళ్లు. అభిమాన పాఠకులంటే ఇంకెవరు మరి?

ఈ సీరియళ్లలో ఇంకో చమత్కారం ఉంది. చాలావాటిలో వీరుడు ఒక్కడు కాదు... ఇద్దరు. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి. ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లుడు. ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు. అందుకే చదివే స్నేహితులిద్దరు ఉంటే పేచీ ఉండేది కాదు. ‘నువ్వు ఖడ్గవర్మ, నేను జీవదత్తుణ్ని’ అని పంచుకోవచ్చు. చింతబరికె కత్తి అయ్యేది. గడ్డివాము కొండ అయ్యేది.

మరో సంగతి. ఈ వీరుల దగ్గర పెద్దగా మంత్రశక్తులేం ఉండవు. అవన్నీ ఎదుటివాళ్ల దగ్గర ఉంటాయి. ‘తోకచుక్క’లో సమరసేనుడు ఓ సేనాని. కుండలినీ ద్వీపం నుంచి బయల్దేరినవాడు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పోరు మధ్య ఇరుక్కుంటాడు. అతని దగ్గర ఉన్నది కత్తి, కాస్త తెలివి, బోలెడు గుండెధైర్యం. మాయ ఎంత పెద్దదైనా మనిషి తెలివి దాన్ని దాటగలదన్న నమ్మకం పన్నెండు సీరియళ్లలోనూ ఏదో రూపంలో కనిపిస్తుంది. మాంత్రికుల కథలు చదివితే పిల్లలు మూఢనమ్మకాల్లో పడతారని భయపడే పెద్దలు ఈ సంగతి గమనించాలి.

అదే ఏడాది... అక్కడ!

1954లో ఇక్కడ తోకచుక్క పొడిచింది. సరిగ్గా అదే ఏడాది జులైలో ఇంగ్లండ్‌లో మరో పుస్తకం బయటికి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే టోల్కీన్ రాసిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి భాగం. ఆయన సంగతి వీళ్లకు తెలియదు, వీళ్ల సంగతి ఆయనకు తెలియదు. భాష వేరు, పాఠకులు వేరు, కథల తీరూ వేరే. లేని లోకాన్ని భాగాలు భాగాలుగా కట్టి చూపించడం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

టోల్కీన్ పుస్తకం వెనకా ఓ పాఠకుడి కథ ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు మిత్రులు వారానికోసారి కలిసేవారు. ఎవరు ఏం రాస్తే అది చదివి వినిపించేవారు. ‘నార్నియా’ కథల సి.ఎస్. లూయిస్ కూడా వాళ్లలో ఒకడు. టోల్కీన్ రాత ఏళ్ల తరబడి సాగింది. మధ్యమధ్యలో ఆగింది. తర్వాత ఏమైందని లూయిస్ అడుగుతూ ఉండకపోతే అది పూర్తయ్యేదే కాదని టోల్కీనే ఒప్పుకున్నాడు. చూశారా... ‘ఎంతవరకు వచ్చింది?’ అని వెంటపడే స్నేహితుడు ఎంత పని చేయగలడో!

ఇప్పుడు తేడా చూడండి. టోల్కీన్ పేరు మీద ఇవాళ అభిమాన సంఘాలున్నాయి. ఆయన ఉత్తరాలు, చిత్తుప్రతులు సైతం పుస్తకాలయ్యాయి. ఆయన తర్వాత వచ్చినవాళ్లను ‘టోల్కీన్‌లా రాస్తాడు’ అని మెచ్చుకోవచ్చు, ‘టోల్కీన్‌లా రాయడు’ అని తిట్టవచ్చు. పేరు ఉంది కాబట్టి పోలిక కుదిరింది. పోలిక ఉంది కాబట్టి పరంపర ఏర్పడింది. మన దగ్గర? దాసరి లాంటి రచయిత కావాలని కలగన్న కుర్రాడు ఎవరి పేరు చెప్పుకోవాలి? భల్లూక మాంత్రికుడు తర్వాత చందమామలో ఆయన కొత్త సీరియల్ రాలేదు. పాతవాటినే పత్రిక మళ్లీ వేసింది. తండ్రి చిన్నప్పుడు చదివిన కథను కొడుకు కూడా నెలనెలా ఎదురుచూసి చదివాడు. కథను ముందే చెప్పేయకుండా నోరు కట్టుకోవడం ఆ తండ్రులకు ఎంత కష్టమైందో!

ఆలస్యంగా దొరికిన పేరు

2000 తర్వాత పరిస్థితి మారింది. చిన్నప్పుడు సీరియళ్లు చదివినవాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. కొందరు విదేశాలకు వెళ్లారు. పాత చందమామల కోసం వెతుకులాట మొదలైంది. ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల కుప్పల్లో, బంధువుల అటకల మీద, చిత్తుకాగితాల కొట్లలో... ఎక్కడ దొరికితే అక్కడ. ఒకరి దగ్గర ఉన్న సంచిక ఇంకొకరి దగ్గర ఉండదు. ఒకరికి శిథిలాలయంలో మూడు భాగాలు తక్కువ. ఇంకొకరికి రాతిరథం మొదలే లేదు. ఇచ్చిపుచ్చుకోవడాలు, జిరాక్సులు, సీరియల్ పేజీలు విడదీసి బైండు చేయించుకోవడాలు. చిన్నప్పుడు వీధిలో జరిగిన బేరమే ఈసారి దేశాల మధ్య జరిగింది.

ఆ వెతుకులాటలోనే అసలు ప్రశ్న పైకి వచ్చింది. ఇవన్నీ రాసింది ఎవరు? పాత ఉద్యోగులను అడిగారు, వ్యాసాలు రాశారు, పాత సంగతులు తవ్వారు. అలా దాసరి సుబ్రహ్మణ్యం పేరు పాఠకులందరి ముందుకూ వచ్చింది. అప్పటికి ఆయన డెబ్బై దాటిన పెద్దమనిషి. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. యాభై ఏళ్లకు పైగా రాసిన మనిషికి, పాఠకులు తనను పేరుతో తలచుకోవడం వినే అదృష్టం చివరి కొద్ది సంవత్సరాలే దక్కిందన్నమాట.

ఆయన పోయిన కొన్నేళ్లకు చందమామ కూడా ఆగిపోయింది. ఆరు దశాబ్దాలకు పైగా వెలిగిన పత్రిక ఆగిపోతే కథలూ దాంతోపాటే పోవాలి. కానీ పోలేదు. దాసరి సీరియళ్లు విడివిడిగా పుస్తకాలై వచ్చాయి... ఈసారి అట్ట మీద రచయిత పేరుతో! ఈ కథలను బతికించింది ఏ సంస్థో, ఏ బహుమతో కాదు. ‘నువ్వు చదివావా?’ అని అడగడం మానని పాఠకులే.

హారీపోటర్ పిల్లలు ఏమంటున్నారు?

ఇవాళ్టి పిల్లలు చదవడం లేదన్నది పెద్దల ఆరోపణ. చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారు. కాకపోతే చేతిలో ఉన్నది ఎక్కువగా ఇంగ్లిషు సిరీస్. 1997లో మొదలైన హారీపోటర్ ఏడు పుస్తకాలు, 2005లో మొదలైన పెర్సీ జాక్సన్, కాస్త పెద్దవాళ్లయితే జార్జ్ మార్టిన్ రాజ్యాల కొట్లాటలు, రాబర్ట్ జోర్డన్ ‘వీల్ ఆఫ్ టైమ్’. ఈ చివరిది ఏకంగా 14 పుస్తకాలు! జోర్డన్ 2007లో చనిపోతే బ్రాండన్ సాండర్సన్ అనే మరో రచయిత చేపట్టి 2013లో ముగించాడు. జోర్డన్ అభిమానులకు సాండర్సన్ అలా పరిచయమయ్యాడు. ఒక పేరు ఇంకో పేరు దగ్గరికి దారి చూపడమంటే ఇదే.

ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ఈ సిరీస్‌ల గురించి జరిగే వాదనలు వింటే చందమామ పాఠకులకు పాత రోజులు గుర్తొస్తాయి. ‘మొదటి పుస్తకం మెల్లగా ఉంటుంది, ఓపిక పట్టు’, ‘సినిమా చూడకముందే చదువు’, ‘నాలుగోది అయ్యాక నాకు ఫోన్ చెయ్’... మాట తీరు మారలేదు. మారిందల్లా ఒకటే. వీళ్ల నాలుక మీద రచయిత పేరు ముందు ఉంటుంది. కథ పేరు తర్వాత వస్తుంది.

అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలది ఇంకో దారి. రోషనీ చోక్షీ 2018లో మొదలుపెట్టిన ‘ఆరూ షా’ సిరీస్‌లో పాండవులు ఈ కాలపు అమ్మాయిలుగా మళ్లీ పుడతారు. తాతయ్య చెబితే వినని భారతం అక్కడి పిల్లలకు అలా ఇంగ్లిషులో ఎదురవుతోంది. ఇక్కడ చూస్తే 2015లో వచ్చిన ‘బాహుబలి’ తర్వాత శివగామి చిన్ననాటి కథతో ఆనంద్ నీలకంఠన్ నవల రాశాడు. అదీ ఇంగ్లిషులోనే! మాహిష్మతి పుట్టింది తెలుగు తెర మీద, నవలైంది ఇంగ్లిషులో. ఊహాలోకాల మీద మనవాళ్లకు మోజు తగ్గలేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? తెలుగులో చదవడానికి ఫలానాది ఉందని చెప్పేవాళ్లే తగ్గారు.

ఎవరికి ఏది ఇవ్వాలి?

సరే, ఇంట్లో పదేళ్ల పాప ఉంది. హారీపోటర్ అయిపోయింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఏది ఇవ్వాలి? అందరికీ ఒకటే మందు పనికిరాదు. పాఠకుణ్ని బట్టి పుస్తకం.

తెలుగు అక్షరాలంటే బెదురు ఉన్నవాళ్లకు ‘ముగ్గురు మాంత్రికులు’ మంచి మొదలు. వీరుడు మామూలు కుర్రాడు కాబట్టి త్వరగా చేరువవుతాడు. అరేబియన్ నైట్స్ రుచి తెలిసినవాళ్లకు ఇంకా నచ్చుతుంది.

సముద్రాలు, ఓడలు, దీవులు ఇష్టమైతే ‘తోకచుక్క’. రచయిత మొదటి సీరియల్ కూడా అదే కాబట్టి వరుసగా చదవాలనుకునేవాళ్లు అక్కణ్నుంచే మొదలుపెట్టవచ్చు. అన్నట్టు, వరుస తప్పినా ఫర్వాలేదు. ఏ సీరియల్‌కు ఆ సీరియల్ విడి కథ. పద్నాలుగు పుస్తకాలు కొంటేగానీ ముగింపు తెలియదన్న బెంగ లేదు.

స్నేహితులిద్దరు కలిసి చదవాలనుకుంటే ‘యక్షపర్వతం’ లేదా ‘శిథిలాలయం’. అడవులు, కోయగూడేలు, పాడుబడ్డ గుళ్లు అంటే ఒళ్లు జలదరించేవాళ్లకు రెండోది.

పెద్దవాళ్లయితే, తీరిక ఉంటే, పాత తెలుగు మీద మక్కువ ఉంటే ‘కాశీమజిలీ కథలు’ తీయండి. భాష కొంచెం బరువు. రెండు మజిలీలు దాటితే అదే అలవాటవుతుంది.

ఇంగ్లిషు మాత్రమే చదువుతానని మొండికేసే పిల్లలతో పోట్లాడకండి. రోజుకో భాగం మీరే చదివి వినిపించండి. సరిగ్గా ‘ఇంకా ఉంది’ దగ్గర ఆపేసి పుస్తకం మూసేయండి. ‘ఆ తర్వాత?’ అన్న ప్రశ్న వచ్చిందా... పుస్తకం అక్కడే టీపాయ్ మీద వదిలేసి వెళ్లిపోండి. మిగతా పని సమరసేనుడు చూసుకుంటాడు!

పుచ్చుకోవడం కూడా మరచిపోకూడదు. తోకచుక్క ఇచ్చిన చేత్తోనే పాప దగ్గర పెర్సీ జాక్సన్ అడిగి తీసుకోండి. ‘నీ పుస్తకం నేనూ చదువుతా’ అన్న తాతయ్య మాటను ఏ మనవరాలూ కాదనదు. వీధిలో చందమామ చేతులు మారిన రోజుల్లోనూ నియమం అదే. ఒకటి ఇస్తేనే ఒకటి.

చివరిగా ఒక్క మాట. తెలుగు పాఠకులు ఎన్నో ఏళ్లు తమ అభిమాన రచయిత పేరు తెలియకుండానే ఆయన కథలను ఒకరికొకరు చెప్పుకొన్నారు. అది వాళ్ల తప్పు కాదు. ఇప్పుడు ఆ పేరు తెలుసు. ఈసారి ఎవరికైనా ‘రాకాసిలోయ చదివావా?’ అని చెప్పేటప్పుడు పక్కనే ఇంకో మూడు మాటలు కలపండి.

దాసరి సుబ్రహ్మణ్యం రాశారు... అని.